సుడితొట్టిలో నురగ

సబీనా సబ్బుపొడి ప్యాకెట్టు చింపి సుడితొట్టిలో గుమ్మరించిన రోజున, ఆ తొట్టి నడిపే పలాగా ఆమెను ఒక్క మాట కూడా తిట్టలేదు. పక్కింటి తొడోసియాని నిరాశపరిచింది అదే. కంచెకి ఇవతల ఉల్లిమడిలో కలుపు తీస్తున్నట్టు వంగి, చెవులు రెండూ అటే పారేసి, ఇవాళ నాలుగు మంచి తిట్లు వినొచ్చని ఎంతో ఆశపడింది ఆమె.

సబీనా పైరోడ్డు మీద కొత్తగా లాడ్జి పెట్టినాయన భార్య. పట్నం మాట, పట్నం చెప్పులు. గదుల్లో పరిచే ఉన్ని గొంగళ్ళు కారు నిండా కుక్కి తెచ్చి తొట్టిలో పడేసింది. నీళ్ళు ఎలాగూ తిరుగుతున్నాయి కదా, పని తొందరగా అవుతుందని పొడి కూడా వేసింది. నురగ పాలపొంగులా లేచి, పలకల సందుల్లోంచి వాగులోకి జారింది.

పలాగా మేకుకి తగిలించిన రేకు లోటా తీసుకుంది. నురగతో సహా ముంచింది. సబీనా మూతి ముందు పట్టుకుంది.

"తాగమ్మా."

"ఏంటిది?"

"నీళ్ళే. ఇవి ఇట్నుంచి పోయి తొడోసియా ఆవు నోట్లో పడతాయి. దాని కింద ఫాదరుగారి బాతులు. ఆ కింద ఎంతమంది కుండలో నాకు తెలీదు. ఇంటి ఆడదానివి గదా, నువ్వు రుచి చూడకుండా ఎవరికన్నా వడ్డిస్తావా? ముందు నువ్వు తాగు."

సబీనా చాలా వాదించింది. పొడి లేకుండా మురికి పోతుందని ఏ బడిలో చెప్పారంది. ఈ కొండల్లో మనుషులు ఇంకా గుహల్లోనే ఉన్నారంది. పలాగా చెయ్యి కిందికి దిగలేదు. చివరికి సబీనా ప్యాకెట్టు కారులోకి విసిరి, గొంగళ్ళు అక్కడే వదిలేసి పోయింది. పలాగా వాటిని పొద్దుగూకేదాకా ఉత్త నీళ్ళలో తిప్పి, ఆరబెట్టి, లాడ్జి గేటుకి వరసగా వేలాడదీసి వచ్చింది. వారంలో లోయ అంతా ఆ లోటా కథే. తొడోసియా కూడా పదిమందికి చెప్పింది, కాస్త తన కల్పన కూడా జోడించి. అయినా తన మనసులో మాత్రం ఒక మాట దాచుకుంది: అంత నిబ్బరంగా నిలబడగల ఆడదాన్ని పూర్తిగా నమ్మకూడదు.

అసలు తొడోసియా ఎవర్ని నమ్మింది గనక. మొగుడు బతికున్నన్నాళ్ళూ అతన్ని నమ్మలేదు, అతను పోయాక చావుని కూడా మూడు రోజులు నమ్మలేదు. అంగట్లో గుడ్డు కొంటే ఎండకి ఎత్తి చూస్తుంది. చర్చిలో కొవ్వొత్తి కొంటే గోటితో గీకి చూస్తుంది.

ఆ సుడితొట్టి కట్టింది పలాగా మొగుడు ఇహీమ్. పైన వెడల్పు, అడుగున ఇరుకు, నేలలోకి దిగేసిన దేవదారు పలకల తొట్టి. పైనుంచి చెక్కదోనెలో వాగునీళ్ళు ఏటవాలుగా వచ్చి పడతాయి, ఆ ఊపుకి తొట్టిలో సుడి తిరుగుతుంది. గొంగళి వేస్తే అదే తిరుగుతుంది, అదే రుద్దుకుంటుంది, అదే తేరుకుంటుంది. సబ్బు లేదు, కరెంటు లేదు. మరమురేష్ కొండల్లో వాగున్న ప్రతి ఊళ్ళోనూ ఒకప్పుడు ఇలాంటిదొకటి ఉండేది. ఇప్పుడు ఆ లోయకంతా ఇదొక్కటే.

ఆ లోయలో పర్యావరణం అన్న మాట ఎవరికీ తెలియదు. గొంగళి ముందు పెళ్ళిమంచం మీద ఉంటుంది. తర్వాత పిల్లల మీద, తర్వాత గుర్రం వీపు మీద, ఆ తర్వాత కుక్క గూట్లో. కుక్క కూడా దాన్ని చింపేశాక చలికాలం వెల్లుల్లి మడి మీద కప్పుతారు. అక్కడ అది మట్టిలో కలిసిపోతుంది. దీనికెవరూ పేరు పెట్టలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉత్త పిసినారితనమే అనుకున్నారు.

పలాగాకి కూలి ఇంత అని లేదు. ఒకరు మొక్కజొన్న పిండి ఇస్తారు, ఒకరు గొర్రె జున్ను ఇస్తారు, ఏమీ లేనివాడు దోనెలో పేరుకున్న ఆకులు తీసిపోతాడు. కానీ ఒక కట్టడి ఉంది. తొట్టిలోంచి తీసిన గొంగళిని పలాగా వాసన చూసి 'సరే' అనందే ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. తడి ఉన్నిలో ముక్కు దూర్చి, కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చేది. గొర్రె వాసన ఒక్కటే మిగిలితే అది కడిగినట్టు. పొగ, పాలు, చెమట, ఏ ఒక్కటి తగిలినా మళ్ళీ తొట్టిలోకే. ఆ ముక్కుకి ఊరంతా జడిసేది. "మీ ఆయన మళ్ళీ సారా మొదలెట్టాడా" అని పదిమందిలో అడిగేసేది. తొడోసియా తన గొంగళ్ళు తెచ్చే ముందు ఇంట్లో ఒకసారి ఎండేసి మరీ తెచ్చేది, ఎందుకైనా మంచిదని.

తొట్టికి ముసలితనం వచ్చింది. ఇహీమ్ పోయిన ఏడే అడుగు పలకలు మెత్తబడ్డాయి. పైగా చిన్నకోడళ్ళందరూ ఇళ్ళల్లో మిషన్లు పెట్టుకున్నారు, ఉన్ని మాని నైలాను దుప్పట్లు కప్పుకుంటున్నారు. ఇంకో చలికాలం గడిస్తే తొట్టి కూలిపోతుందని పలాగాకి తెలుసు, కంచె ఇవతలి తొడోసియాకీ తెలుసు. కొత్త పలకలు, అవి వంచి దిగేసే వడ్రంగి, రెండూ పలాగా అందుకోగలిగినవి కావు.

సరిగ్గా అప్పుడే ఆకు కంపెనీ వచ్చింది.

దాని అసలు పేరుకి తొడోసియా నోరు తిరగలేదు. తెల్ల వ్యాను మీద పెద్ద పచ్చని ఆకు బొమ్మ ఉండేది కాబట్టి ఆకు కంపెనీ అంది, ఊరంతా అదే అన్నారు. వ్యానులోంచి దిగినాయన పేరు కొర్నేల్. దువ్విన గడ్డం, మెత్తటి గొంతు. భుజానికి గుడ్డసంచీ, దాని మీద ప్లాస్టిక్ వాడొద్దని రాసుంది. సంచీలోంచి నీళ్ళసీసా తీసి తాగాడు. ప్లాస్టిక్ సీసా. అదీ గలగలా పారుతున్న వాగు ఒడ్డున నిలబడి. తొడోసియా దాన్ని మనసులో ముడేసి పెట్టుకుంది.

అతను చెప్పింది ఇది. పట్నాల్లో పెద్ద హోటళ్ళు ఇప్పుడు మందులు కలిపిన ఉతుకుడు వద్దంటున్నాయి. వాళ్ళ ఉన్ని గొంగళ్ళు తను తెస్తాడు, పలాగా సుడిలో తిప్పుతుంది, వాటికో చీటీ కుట్టి, కొండ వాగులో కడిగినవని అతిథులకి చూపిస్తారు. బదులుగా సగం తొట్టికి ఇప్పుడే కొత్త పలకలు వేయిస్తాడు. మిగతా సగానికి కోతలయ్యాక.

పలాగా ఒక్కటే అడిగింది, సబ్బు తగలకూడదని. కొర్నేల్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అవ్వా, నా తొట్టి దగ్గర సబ్బు అన్న మాట కూడా వినపడదు" అన్నాడు.

నా తొట్టి. అది కూడా తొడోసియా విన్నది.

"ఊరికే రారక్కా మహానుభావులు" అంది ఆ సాయంత్రం కంచె మీదుగా. "ఆకు బొమ్మ ఏసుకున్నదల్లా ఆకైపోతుందా?"

"నీకు వానొచ్చినా అనుమానమే" అంది పలాగా.

"వాన వ్యానేసుకుని రాదుగా."

ఆ చలికాలం పలాగాకి పెద్ద జ్వరం వచ్చింది. పొయ్యి పక్కన ముసుగేసుకుని పడుకుంది, తొడోసియా తలుపు సందులోంచి పులుసు అందించేది. లేచి తిరిగేసరికి మంచు కరుగుతోంది, వడ్రంగి సగం పలకలు దిగేశాడు, ఆకు వ్యాను మంగళవారం మంగళవారం రావడం మొదలైంది.

నురగ కూడా మొదలైంది.

తొడోసియా దొడ్డి వెనక వాగు రాళ్ళ మధ్య తెల్లగా, తేలిగ్గా, జారిపోయే నురగ. మంచు కరిగే రోజుల్లో వాగుకి నురగ మామూలే. అయితే ఇది మంగళవారమే వచ్చేది. ఆవు పేరు జొయానా. గురువారం పుట్టింది కనక వాళ్ళ భాషలో ఆ వారం పేరే పెట్టింది. మంగళవారం మాత్రం అది నీళ్ళలో మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి తిరిగేది. తొడోసియా వేలు ముంచి వాసన చూసింది. లావెండరు పువ్వు వాసన. ఆ కొండల్లో లావెండరు మొలవదు.

"కొత్త పలకల బంక" అంది పలాగా, అడిగితే. "దేవదారు నీళ్ళలో నానితే నురగ రాదూ? ఇహీమ్ మొదటిసారి కట్టినప్పుడు నెల్లాళ్ళు వచ్చింది."

నిజమే, వచ్చింది. తొడోసియాకీ గుర్తే. కానీ బంక నురగ పచ్చగా ఉండి వేలికి అంటుకుంటుంది. ఇది వేలి మీంచి పెళ్ళికూతురు రిబ్బనులా జారుతోంది.

ఆమె రొట్టెపిండి పులియడానికి ఈస్టు కావాలని వంక పెట్టుకుని పలాగా ఇంటికి వెళ్ళింది. గడపలోనే మాడు కంపు. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి అడుగంటి నల్లబడుతుంటే పలాగా పక్కనే కూర్చుని తీరిగ్గా దారం వడుకుతోంది. తొడోసియా నోరు తెరిచే లోపే పలాగా ఆమె ముఖంలోకి చూసి, లేచి, కుండ దించేసింది. తర్వాత పాలగిన్నె తీసి, గ్లాసులో ఒంచబోతూ ఆగి, గిన్నెని తొడోసియా దగ్గరకు తెచ్చింది. చూసింది మాత్రం పాల వంక కాదు, తొడోసియా ముఖం వంక. పాలు విరిగి పులిసిన కంపు కొడుతున్నాయి. తొడోసియా ముక్కు ముడుచుకుంది.

"పందికి పోద్దామనే తీశాలే" అంది పలాగా.

తొడోసియా దారంతా ఆలోచిస్తూ వచ్చింది. సంకటి మాడ్చుకునే మనిషి కాదు పలాగా. తిండి మీద ధ్యాస పోయిందంటే మనసు మరెక్కడో ఉంది. ఎదుటివాళ్ళ ముఖాలు అలా తడిమి చూసేది ఎవరు? కడుపులో ఏదో దాచుకున్నవాళ్ళు. పలకల కోసం పొడి వేయనిస్తోంది, అంతే. లోటా కథతో గడించిన పేరంతా ఆకు వ్యానుకి అమ్మేసింది.

ఆదివారం చర్చి బయట ఆడవాళ్ళు గుంపు కట్టినప్పుడు ఫాదరుగారి బాతులు బక్కచిక్కాయన్న మాట వచ్చింది. తొడోసియా ఎవరి పేరూ ఎత్తలేదు. "పైనుంచి ఏదొస్తే కింద అదే తాగుతాం" అంది. చాలదూ? సాయంత్రానికి లోయంతా పలాగా తొట్టిలో సబ్బు తిరుగుతోందన్న మాటే. ఆ వారం ఊళ్ళోంచి ఒక్క గొంగళి కూడా ఆమె దగ్గరికి రాలేదు.

మంగళవారం వ్యాను ఎక్కివచ్చేదాకా తొడోసియా కాచుకుంది. కొర్నేల్ మూటలు దించాడు, పలాగా కొయ్యకర్రతో గొంగళ్ళు తొట్టిలోకి తోసింది. కాసేపటికి నురగ లేచింది. అప్పుడు తొడోసియా తలగుడ్డ బిగించుకుని కంచె దాటింది. మేకుకున్న రేకు లోటా తీసింది. ముంచింది. పలాగా మూతి ముందు పట్టుకుంది.

"తాగక్కా."

కొర్నేల్ ఏదో అనబోయాడు. ఇద్దరిలో ఎవరూ అతని వైపు చూడలేదు.

పలాగా లోటా వంక చూసింది. ముఖం ఎర్రబడింది. "నన్నా?" అంది.

"నిన్నే. నా ఆవు తాగట్లేదు. నువ్వు తాగు, మీ పలకల బంకేగా."

పలాగా లోటా లాక్కుంది. తల పైకెత్తి, గుటకలు వినపడేలా మొత్తం తాగేసింది. మూతి తుడుచుకుంది. "ఇహీమ్ మళ్ళించిన నీళ్ళు. ఇంకో లోటా పోస్తావా?"

తొడోసియా చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. లోటా ఎత్తినప్పుడు ఆ లావెండరు కంపు తన ముక్కుకే గుప్పున కొట్టింది. తప్పు దాచే మనిషి కంపు ఓర్చుకునైనా తాగుతుంది, నిజమే. కానీ కళ్ళలో నీళ్ళయినా తిరుగుతాయి, మొహమైనా చిట్లుతుంది. పలాగా మొహంలో ఏమీ లేదు. నాలుకని అంగిట్లో ఒకసారి రాసి చూసుకుంది, అంతే, జారుడుగా ఏదో తగిలినట్టు.

మాడిన సంకటి గుర్తొచ్చింది. పాలగిన్నె గుర్తొచ్చింది.

తొడోసియా వ్యాను దగ్గరికి పోయి, ఇంకా తడవని మూట ఒకటి విప్పింది. లోపలి గొంగళి తెల్లగా, మడత నలగకుండా, పెట్టెలోంచి తీసినట్టుంది. ముక్కుకి పట్టుకుంది. గొర్రె లేదు, మనిషి లేదు, పొగ లేదు. లావెండరు.

"ఇవి ఉతికినవి" అంది.

కొర్నేల్ దాచలేదు కూడా. దాచాల్సినంత తప్పని అతనికి అనిపించలేదు మరి. హోటలువాళ్ళకి శుభ్రత నిబంధనలుంటాయట, ముందు పట్నంలో మిషన్లో వేడినీళ్ళతో ఉతకాల్సిందేనట, మెత్తదనానికి ఏదో కలుపుతారట. ఇక్కడ ఆఖరి తిప్పుడు. అతిథులకి నచ్చేది అదే. "వాగులో కడిగినవనే గదవ్వా చీటీ మీద ఉంది? వాగులోనే కడుగుతున్నాం. అబద్ధం ఎక్కడుంది?"

"ఆ వాగుని కడగడానికి ఇంకో వాగు తెస్తావా నాయనా?" అంది తొడోసియా.

పలాగా అప్పటిదాకా కదల్లేదు. ఇప్పుడు వచ్చి, తొడోసియా చేతిలోని గొంగళి అందుకుని, అలవాటుగా ముక్కు దూర్చింది. కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి గొంగళిని మడిచి మూటలో పెట్టి, మూట కొర్నేల్ చేతుల్లో పెట్టింది.

"మురికివి తీసుకురా" అంది. "మనుషులు కప్పుకుని, చెమట పట్టినవి. కడగడం అంటే మురికిని. శుభ్రంగా ఉన్నదాన్ని తడపడం కడగడం కాదు. అలా తేగలిగితే రా. లేకపోతే నీ సగం పలకలు పీక్కుపో."

అడిగి చూస్తానన్నాడు కొర్నేల్. హోటలువాళ్ళు ఒప్పుకుంటారో లేదో అన్నాడు. తడిసిన గొంగళ్ళు కూడా మూటగట్టుకుని పోయాడు. ఆకు బొమ్మ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా తొడోసియా చూస్తూ నిలబడింది. తిరిగి రాడనుకుంది. వస్తే ఇంకా అనుమానించాలనుకుంది.

ఇద్దరూ దోనె పక్క దుంగ మీద కూర్చున్నారు. తొడోసియా ఏప్రాను జేబులోంచి వెల్లుల్లి రెబ్బ తీసి, పళ్ళతో చిదిపి, "కళ్ళు మూసుకో" అంది.

"ఎందుకు?"

"మూసుకో అక్కా."

వెల్లుల్లి పలాగా ముక్కు కింద పెట్టింది. పలాగా ముఖం మారలేదు. తొడోసియా కాలి చెప్పు విప్పి, పేడ అంటిన అడుగు వైపు పెట్టింది. అప్పుడూ అంతే. తొడోసియా చెప్పు తొడుక్కుంది.

"ఎప్పట్నించి?"

"జ్వరం దిగినకాడ్నించి" అంది పలాగా, కళ్ళు తెరవకుండానే. "ఇవ్వాళొస్తుంది, రేపొస్తుంది అనుకున్నా. గొంగళ్ళు ముక్కుకి పెట్టుకుని 'సరే' అంటూనే ఉన్నా. చేత్తో తడిమి, నీళ్ళ రంగు చూసి. ఊరోళ్ళ గొంగళ్ళకి సరిపోయింది. వీడివి తెల్లగా ఉంటే, పట్నం మురికి తక్కువేమో అనుకున్నా."

"నాతోనైనా చెప్పలేదే?"

"నీతోనా?" పలాగా నవ్వింది. "నీతో చెబితే చర్చి గంటతో చెప్పినట్టే. ముక్కు లేని పలాగా దగ్గరికి గొంగళి ఎవరు తెస్తారే? ఆదివారం నువ్వేమన్నావో నాకు తెలీదనుకున్నావా?"

తొడోసియా వెల్లుల్లి రెబ్బ వాగులోకి విసిరింది. వచ్చే ఆదివారం ఏమనాలో మాత్రం అప్పుడే కూర్చుకుంది. అన్నది కూడా. సబ్బు పట్నంలోనే కలిసిందనీ, పలాగా మూటలు తిప్పి పంపేసిందనీ చెప్పింది. లోటా సంగతి చెప్పింది, ఎవరు తాగారో చెప్పింది. ముక్కు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే సరిగా తెలియలేదు. వాళ్ళ చర్చిలో ఫాదర్లకి పెళ్ళిళ్ళుంటాయి; ఆ ఫాదరుగారి భార్య మాత్రం తన గొంగళ్ళు రెండు పలాగా ఇంటికి పంపింది. మిగతావాళ్ళు ఇంకా చూద్దామనుకుంటున్నారు.

ఆ తర్వాతి మంగళవారం వ్యాను రాలేదు. ఆపై మంగళవారం మలుపు దగ్గర ఇంజను చప్పుడు వినపడింది. తొడోసియా ఉల్లిమడిలోంచి లేచేసరికి పలాగా కంచె దగ్గర నిలబడి ఉంది, పిలుస్తున్నట్టు కాదు, అప్పటికే పిలిచేసినట్టు. వ్యాను ఎక్కివస్తోంది. కిటికీలోంచి కొర్నేల్ చెయ్యి ఊపుతూ, ఈసారి మురికివే తెచ్చానవ్వా, హోటలువాళ్ళని ఒప్పించానవ్వా అని అరుస్తున్నాడు.

"వాణ్ణి నమ్ముతున్నావా?" అంది తొడోసియా.

"నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు" అంది పలాగా. "ఊళ్ళో ఇంతమంది ఉన్నారు. అందర్లోకీ ఎవర్నీ నమ్మనిదానివి నువ్వే. కంచె దాటి రా. ఆ దుంగ మీద, నా ఎడమ పక్కన కూర్చో, దారం వడుక్కోవడానికొచ్చినట్టు. వాడు దించే ప్రతి గొంగళీ మడత పెట్టే నెపంతో ముందు నీ చేతికిస్తా. గొర్రె వాసన, మనిషి వాసన ఉంటే తలగుడ్డ సవరించుకో. పువ్వుల వాసన తగిలిందా, దగ్గు. గట్టిగా దగ్గు. మిగతాది నేను చూసుకుంటా."